జింకు డబ్బా కొనే ముందు

ఒక ఆదివారం ఆరాధన ముగిసి, సంఘస్థులు ఇళ్ళకు బయలుదేరుతుండగా, ఒక సహోదరి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా దగ్గరకు వచ్చింది. కొంగు చాటున ఉన్న తెల్లని ప్లాస్టిక్ డబ్బా తీసి మా చేతిలో పెట్టింది.

"అయ్యగారూ, వీడికి ఇది రోజుకొకటి వెయ్యమన్నారండి. ఒళ్ళు చేస్తాడంట, పొడుగవుతాడంట, జ్వరాలు రావంట. అంతా ఇంగ్లీషులో ఉంది. కాస్త చదివి చెప్పండి" అని అడిగింది.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'జింక్ బిస్‌గ్లైసినేట్' అనీ, దాని కింద చిన్న అక్షరాలతో 'అమైనో ఆసిడ్ చిలేట్' అనీ ఉన్నది. వెల చూశాము. నాట్లకు వెళ్ళి నాలుగు రోజులు వంగి సంపాదించిన కూలి ఆ డబ్బాలోకి వెళ్ళిపోయింది. అమ్మినవాడు పరాయివాడు కూడా కాడు, ఊళ్ళో అందరికీ తెలిసినవాడే. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. సన్నగా, పాలిపోయి ఉన్నాడు. తల్లి మాత్రం ఎంతో ఆశతో మా ముఖంలోకి చూస్తున్నది.

డబ్బా మీది అక్షరాలు చదివాము గాని, వాటి అర్థం చెప్పలేకపోయాము. మేము చదువుకున్నది వేదాంతం, మందుల చదువు కాదు. వారం గడువు అడిగి, అంతవరకు డబ్బా మూత తీయవద్దని చెప్పి పంపాము. ఆ వారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని కలిశాము, దొరికిన పుస్తకాలు చదివాము. తెలిసిన సంగతులు మా సంఘానికే పరిమితం చేయక, ఈ పత్రిక చదివే కుటుంబాలన్నిటి ముందూ పెట్టడం మంచిదని తోచింది. ఇలాంటి డబ్బాలు ఈనాడు చాలా ఇళ్ళ అలమరల్లో కనిపిస్తున్నాయి గదా!

పొలంలో మనకు తెలిసిన జింకే

జింకు అనే మాట రైతు కుటుంబాలకు కొత్తది కాదు. వరి నాటిన కొద్ది వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడి, దుబ్బు చేయక, మొక్క గిడసబారిపోతే 'జింకు ధాతు లోపం' అంటాము. మన దేశంలో వరికి వచ్చే ఈ తెగులు లాంటి లోపాన్ని 1966లో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త హిమాలయాల అడుగున ఉన్న పంత్‌నగర్ ప్రాంతంలో గుర్తించారు. అక్కడి రైతులు దాన్ని 'ఖైరా' అనేవారు. దీనికి మనం ఏం చేస్తాము? ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తాము. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేస్తాము.

దానితోపాటు మరొక జాగ్రత్త కూడా రైతుకు తెలుసు. జింకు సల్ఫేటును డి.ఎ.పి., సూపర్ ఫాస్ఫేటు వంటి భాస్వరం ఎరువులతో కలిపి వేయరాదు. కలిపితే భాస్వరం జింకును పట్టేసుకుంటుంది. అప్పుడు నేలలో జింకు ఉన్నా వేరుకు అందదు. ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకోండి. మన కడుపులో జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

మనిషి శరీరంలో ఉండే జింకు మొత్తం కలిపితే 2 నుండి 3 గ్రాములే. అయినా శరీరంలో 300కు పైగా ఎంజైములు పని చేయడానికి అది కావాలి. పిల్లల ఎదుగుదల, పుండు మానడం, రోగాన్ని ఎదిరించే శక్తి, నాలుకకు రుచి తెలియడం, వీటన్నిటిలో దానికి పాలు ఉన్నది. ఇనుమును దాచుకున్నట్లు శరీరం జింకును పెద్దగా దాచుకోలేదు. గనుక అది రోజూ తిండిలో అందుతూ ఉండవలసిందే.

షీరాజ్ పట్టణంలో ఒక రోగి

జింకు తక్కువైతే మనిషి ఎదుగుదల ఆగిపోతుందని లోకానికి తెలియజేసినవాడు మన దేశస్థుడే. 1928లో బీహారులోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ అమెరికాలో పై చదువు ముగించి, 1958లో ఇరాన్ దేశంలోని షీరాజ్ పట్టణానికి వెళ్ళారు. అక్కడ ఆయన ఒక రోగిని చూశారు. వయస్సు 21 సంవత్సరాలు, చూడడానికి మాత్రం పదేళ్ళ పిల్లవాడే. యౌవన లక్షణాలు ఒక్కటీ రాలేదు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉన్నది. అతని తిండి దాదాపుగా రొట్టె మాత్రమే. మాంసం ఎరుగడు. పైగా మట్టి తినే అలవాటు ఉన్నది. వెదకగా అటువంటివారు ఆ ప్రాంతంలో ఇంకా కనిపించారు.

రక్తం లేకపోవడానికి ఇనుము కారణమని చెప్పవచ్చు. మరి ఎదుగుదల ఎందుకు ఆగింది? జింకు లోపమే కారణమై ఉండవచ్చునని ఆయన 1961లో రాశారు. ఆ తరువాత ఈజిప్టు దేశపు పల్లెల్లో అటువంటి యువకులనే పరీక్షించి, వారిలో జింకు తక్కువగా ఉన్నదని 1963లో చూపించారు. జింకు ఇచ్చినవారు ఒక్క ఏడాదిలో 5 అంగుళాల వరకు పెరిగారు, ఆగిపోయిన యౌవనం వచ్చింది. అయినా చాలామంది శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1974లో గాని అమెరికా దేశపు శాస్త్ర అకాడమీ జింకును మనిషికి తప్పనిసరి పోషకంగా ఎంచి, రోజువారీ మోతాదు నిర్ణయించలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. గోధుమలో జింకు ఉన్నది గదా, రొట్టె తిన్నవానికి లోపం ఎలా వచ్చింది? సంగతి రొట్టె చేసే విధానంలో ఉన్నది. అది పులియని రొట్టె. బైబిలు చదివే మనకు ఈ మాట బాగా తెలుసు. ధాన్యపు గింజ తన పైపొరల్లో భాస్వరాన్ని ఒక పదార్థంగా దాచుకుంటుంది. దాని పేరు ఫైటేట్. పొలంలో భాస్వరం ఎరువు చేసినట్లే ఇది కడుపులో జింకును పట్టేసుకొని, ఒంటికి పట్టకుండానే బయటికి తీసుకుపోతుంది. పిండి పులిసినప్పుడు ఈ ఫైటేట్ చాలావరకు విరిగిపోతుంది. పులియని రొట్టెలో అది అలాగే నిలిచి ఉంటుంది. షీరాజ్ యువకుని పళ్ళెంలో జింకు ఉన్నది గాని, అతని ఒంటికి అందలేదు.

పీత డెక్క వంటి పట్టు

ఇప్పుడు డబ్బా మీద పేరు అర్థం చేసుకోవడం తేలిక. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతాయి. ఇల్లు ఇటుకలతో కట్టినట్లు అనుకోండి. వాటన్నిటిలోకి చిన్నది గ్లైసిన్. ఒక జింకు అణువును రెండు గ్లైసిన్లు చెరొక వైపు నుండి పట్టుకొని ఉంటే, దాన్ని జింక్ బిస్‌గ్లైసినేట్ అంటారు. 'బిస్' అంటే రెండు. అలా పట్టుకొని ఉండడాన్ని చిలేట్ అంటారు. 1920లో రసాయన శాస్త్రజ్ఞులు పెట్టిన ఈ పేరుకు మూలం పీత డెక్క అనే అర్థమున్న గ్రీకు మాట. పీత తన రెండు డెక్కలతో ఒక వస్తువును పట్టినట్లన్నమాట. ఎరువుల కొట్టులో అమ్మే 'చిలేటెడ్ జింకు' కూడా ఇదే ఉపాయం మీద తయారైనది, అయితే అందులో పట్టుకొని ఉండేది వేరే పదార్థం. పశువుల దాణాలో, కోళ్ళ మేతలో కలిపే జింక్ మెథియోనిన్ కూడా ఈ కుటుంబానిదే. మెథియోనిన్ మరొక అమైనో ఆమ్లం.

దీని వెనుక ఉన్న ఆలోచన మంచిదే. జింకును ముందుగానే ఒకరు గట్టిగా పట్టుకొని ఉంటే, ఫైటేట్ వంటివి దాన్ని లాక్కోవడం కష్టమవుతుంది, ఒంటికి ఎక్కువగా అందుతుంది. ఇది వట్టి మాట కూడా కాదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో 12 మంది స్త్రీలకు 15 మిల్లీగ్రాముల జింకు ఒకసారి గ్లూకోనేట్ రూపంలో, ఒకసారి బిస్‌గ్లైసినేట్ రూపంలో ఇచ్చి చూశారు. బిస్‌గ్లైసినేట్ రూపంలో ఇచ్చినది రక్తంలోకి 43 శాతం ఎక్కువగా చేరింది.

అయితే ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ పరిశోధన జరిగింది 12 మంది మీద, ఒక్కొక్క మోతాదుతో. రక్తంలోకి ఎంత చేరిందో చూశారు గాని, దానివల్ల ఎవరైనా పొడుగయ్యారా, ఎవరికైనా జ్వరం తగ్గిందా అని చూడలేదు. చౌక రకాలు కూడా పనికిరానివి కావు. 2014లో 15 మంది పెద్దవారి మీద చేసిన మరొక పరిశోధనలో గ్లూకోనేట్, సిట్రేట్ రూపాలలోని జింకు దాదాపు 61 శాతం ఒంటికి పట్టింది. ఆక్సైడ్ రూపంలోనిది దాదాపు 50 శాతం పట్టింది. అంటే రకానికీ రకానికీ తేడా ఉన్నది గాని, ఒకటి అమృతం, తక్కినవి మట్టి అనేంత తేడా లేదు. లోపం ఉన్నవానికి ఏ రకమైనా సరైన మోతాదులో మేలు చేస్తుంది. లోపం లేనివానికి ఎంత ఖరీదైన రకమైనా కొత్త బలం తెచ్చిపెట్టదు.

ఈ విషయంలో మేము కూడా తప్పు చేశాము. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి వచ్చినప్పుడు అందరితోపాటు మేమూ జింకు మాత్రలు కొని ఇంట్లో పెట్టుకున్నాము. సంఘంలో కూడా వేసుకొమ్మని చెప్పాము. అదే ఏడాది అమెరికాలో ఇంటి వద్దనే ఉండి కోవిడ్‌కు చికిత్స పొందుతున్న 214 మంది మీద చేసిన పరిశోధన ఫలితం వెలువడింది. రోజుకు 50 మిల్లీగ్రాముల జింకు గ్లూకోనేట్ గాని, పెద్ద మోతాదు విటమిన్ సి గాని, రెండూ కలిపి గాని ఇచ్చినా, మామూలు చికిత్స కంటె త్వరగా నెమ్మదించలేదు. ప్రయోజనం కనబడే ఆశ లేనందున ఆ పరిశోధనను మధ్యలోనే ఆపివేశారు. మేము చదవకముందే చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము.

గోనెసంచితో తూచిన బియ్యం

డబ్బా చదివేటప్పుడు అందరూ పొరపడే సంగతి ఒకటి ఉన్నది. బియ్యం బస్తా తూకంలో సంచి బరువు కూడా ఉంటుంది గదా! అలాగే జింకు మందు బరువులో జింకును పట్టుకొని ఉన్న పదార్థం బరువు కూడా కలిసి ఉంటుంది. పూర్తిగా శుద్ధమైన బిస్‌గ్లైసినేట్‌లో జింకు దాదాపు 30 శాతం. గ్లూకోనేట్‌లో 14 శాతం. పొలంలో వేసే మామూలు జింకు సల్ఫేటు పలుకుల్లో 23 శాతం లోపు. ఆక్సైడ్‌లో 80 శాతం. ఒక డబ్బా మీద 'జింక్ బిస్‌గ్లైసినేట్ 50 మి.గ్రా.' అని మాత్రమే ఉంటే, అసలు జింకు 15 మిల్లీగ్రాములకు మించదు. మరొక డబ్బా మీద 'ఎలిమెంటల్ జింక్ 50 మి.గ్రా.' అని ఉంటే, అది అచ్చంగా జింకు బరువే. గనుక 'ఎలిమెంటల్' అనే మాట ఎక్కడున్నదో చూసి, దాని ఎదుట ఉన్న అంకె చదవాలి. ఆ మాట లేని డబ్బాను మందుల కొట్టులో చదువుకున్నవారికి చూపించి అడగాలి.

అయితే మనిషికి రోజుకు ఎంత కావాలి? హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారిలో మగవారికి 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13.2 మిల్లీగ్రాములు. ఇది ఎక్కువ భాగం ధాన్యమే తినే మన తిండిని దృష్టిలో పెట్టుకొని వేసిన లెక్క. ఏడు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలకు 6 మిల్లీగ్రాములలోపే. ఆ సహోదరి తెచ్చిన డబ్బాలో ఒక్కొక్క మాత్రలో ఉన్న అసలు జింకు 30 మిల్లీగ్రాములు! అది పెద్దవారి కొరకు చేసినది. తొమ్మిదేళ్ళ పిల్లవానికి రోజుకు కావలసినదానికి అయిదు రెట్లు. ఆ వయస్సు పిల్లలకు మించరాదని అమెరికా వైద్యులు పెట్టిన హద్దు 23 మిల్లీగ్రాములు. పెద్దవారికే హద్దు 40.

ఎక్కువైతే ఏమవుతుంది? ముందుగా కడుపులో వికారం, వాంతి. నెలల తరబడి ఎక్కువగా వాడితే జింకు మన ఒంట్లోకి రాగి చేరకుండా అడ్డుపడుతుంది. రాగి తగ్గితే రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కట్టుడు పళ్ళు అంటించుకొనే జింకు కలిసిన పేస్టును ఏళ్ళ తరబడి మితిమీరి వాడినవారికి ఇలాగే జరిగిందని 2008లో అమెరికా వైద్యులు రాశారు. మరొక సంగతి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు వాడుతున్నప్పుడు వాటితోపాటే జింకు వేసుకుంటే ఆ మందు సరిగా ఒంటికి పట్టదు. ఇనుము మాత్ర, జింకు మాత్ర ఒకేసారి మింగితే ఒకదానికొకటి అడ్డు తగలవచ్చు. గనుక ఏ మందు వాడుతున్నా డాక్టరుకు చెప్పకుండా దీన్ని కలపకూడదు.

చౌక మాత్ర కాపాడే ప్రాణం

ఇంతవరకు చదివి జింకు మాత్రే వద్దని మేము అంటున్నామని తలంచవద్దు. ఒక సమయంలో జింకు మాత్ర తప్పనిసరిగా వేయవలసినది. అది పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు.

దీని వెనుక కూడా మన దేశపు పిల్లల కథ ఉన్నది. ఢిల్లీలో విరేచనాలతో ఉన్న 937 మంది చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన 1995లో వెలువడింది. జింకు ఇచ్చిన పిల్లలకు విరేచనాలు త్వరగా కట్టాయి. 2002లో బంగ్లాదేశ్ పల్లెల నుండి మరొక ఫలితం వచ్చింది. ఎనిమిది వేలమందికి పైగా పిల్లలున్న గ్రామాలలో, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు కూడా ఇచ్చినచోట, ప్రమాదాలవల్ల కాక రోగాలవల్ల పిల్లలు చనిపోవడం సగానికి తగ్గింది. ఇటువంటి ఆధారాలు చూసి 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి, విరేచనాలు పట్టిన ప్రతి బిడ్డకూ ఓ.ఆర్.ఎస్.తోపాటు 10 నుండి 14 రోజులు జింకు ఇవ్వాలని చెప్పాయి. మన ప్రభుత్వం కూడా దాన్ని స్వీకరించింది.

ఈ మాత్ర పెద్ద పేరున్న చిలేట్ కాదు, మామూలు జింకు సల్ఫేటు. ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు. రెండు నుండి ఆరు నెలల బిడ్డకు సగం మాత్ర, ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒక మాత్ర. అంటే 10, 20 మిల్లీగ్రాములు. చెంచాడు తల్లిపాలలో గాని, కాచి చల్లార్చిన నీటిలో గాని వేస్తే కరిగిపోతుంది. రోజుకొకసారి చొప్పున 14 రోజులు వేయాలి. రెండు రోజులకే విరేచనాలు కట్టినా మధ్యలో మానకూడదు. రెండు నెలలలోపు బిడ్డను నేరుగా డాక్టరు దగ్గరకే తీసుకువెళ్ళాలి. 2020లో ఢిల్లీలోను, టాంజానియా దేశంలోను 4,500 మంది పిల్లల మీద చేసిన పరిశోధనలో 5, 10 మిల్లీగ్రాముల మోతాదులు కూడా 20తో సమానంగానే పనిచేశాయి, వాంతులు తగ్గాయి. మోతాదు ఎంతో మీ ఆరోగ్య కార్యకర్త చెబుతారు. పద్నాలుగు రోజులు విడువకుండా వేయడం మాత్రం మన పని.

ఇది రాస్తుంటే మా మనస్సు ఒక గుడిసె దగ్గరకు పోతున్నది. 2015 వానాకాలంలో మా పరిచర్యలోని ఒక చిన్న పల్లెలో పదకొండు నెలల బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండవ రోజున మేము ఆ ఇంటికి వెళ్ళాము. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని పెద్దవాళ్ళు పాలూ నీళ్ళూ ఆపేశారు. మేము ప్రార్థన చేసి, ధైర్యం చెప్పి వచ్చేశాము. నీళ్ళు పడుతున్నారా అని అడగలేదు. ఆశమ్మను పిలిచారా అని అడగలేదు. నాలుగవ రోజు తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకువెళుతుండగా దారిలోనే బిడ్డ ప్రాణం పోయింది. సమాధి కార్యక్రమం మేమే జరిగించాము. తరువాత తెలిసింది, ఆ గుడిసెకు రెండు వీధుల అవతల ఆశమ్మ ఇంట్లో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు ఉన్నాయట. ఆ తల్లి ఇప్పటికీ మమ్మును 'అయ్యగారూ' అనే పిలుస్తుంది. మా మీద ఆమెకు కోపం లేదు. అడగని ఆ రెండు ప్రశ్నలు మాత్రం మమ్మును విడువలేదు. అప్పటినుండి విరేచనాలున్న ఇంటికి వెళితే ముందు ఆ రెండూ అడిగి, తరువాతనే ప్రార్థన చేస్తున్నాము.

గనుక తల్లులారా, బిడ్డకు విరేచనాలైతే తల్లిపాలు ఆపవద్దు. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో ఓ.ఆర్.ఎస్. కలిపి కొద్దికొద్దిగా పట్టండి. జింకు మొదలుపెట్టండి. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా ఒక్క గంట కూడా ఆగక ఆసుపత్రికి పరుగెత్తండి.

మన వంటింటి ఉపాయాలు

రోజూ కావలసిన జింకుకు మొదటి చోటు వంటిల్లే. మాంసం, కాలేయం, పీతలు, రొయ్యలు, గుడ్లు, ఇవి జింకును తేలికగా అందిస్తాయి. పాలు కూడా కొంత ఇస్తాయి. నువ్వులు, వేరుశనగలు, శనగలు, గుమ్మడి గింజలు, పప్పులలోను జింకు ఉన్నది, అయితే వాటిలో ఫైటేట్ కూడా ఉన్నది. దాన్ని విరగగొట్టే ఉపాయాలు మన అమ్మమ్మలకు తెలుసు. వారికి ఫైటేట్ పేరు తెలియదు, అంతే.

పప్పులూ గింజలూ నానబెట్టి ఆ నీళ్ళు పారబోయడం, పెసలు, శనగలు, రాగులు మొలకెత్తించడం, ఇడ్లీ పిండి రాత్రంతా పులియబెట్టడం, రాగి అంబలి పులిసిన తరువాత తాగడం, ఇవన్నీ ఫైటేట్‌ను తగ్గించే పనులే. షీరాజ్ రొట్టెకు దొరకనిది మన ఇడ్లీ పిండికి దొరుకుతున్నది. 2010లో మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థవారు ఉల్లి, వెల్లుల్లి చేర్చి ప్రయోగశాలలో పరీక్షిస్తే, ధాన్యాలలోను పప్పులలోను ఉన్న జింకు ఎక్కువగా విడుదలైంది. పప్పులో వెల్లుల్లి తాలింపు రుచికి మాత్రమే కాదన్నమాట.

రైతులకు మరొక మాట. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ 2016లో డి.ఆర్.ఆర్. ధన్ 45 అనే రకాన్ని విడుదల చేసింది. మామూలు రకాల బియ్యంలో కిలోకు 12 నుండి 16 మిల్లీగ్రాముల జింకు ఉంటే, పాలిష్ పట్టిన తరువాత కూడా ఇందులో 22.6 మిల్లీగ్రాములు ఉంటుంది. తిండి గింజలు ఇంటికొరకు కొంత పండించుకొనేవారు దీని గురించి వ్యవసాయ అధికారిని అడగవచ్చు.

ఆ పిల్లవాని సంగతి

వారం తరువాత ఆ సహోదరిని, పిల్లవాణ్ణి ఆరోగ్య కేంద్రానికి పంపాము. డాక్టరు గారు బరువు చూసి, రక్తం పరీక్ష చేయించారు. పిల్లవాడికి ఉన్నది రక్తహీనత, కడుపులో నులిపురుగులు. పురుగులకు ఒక మాత్ర, రక్తానికి ఇనుము మాత్రలు ఇచ్చారు. అన్నీ ఉచితమే. రోజూ ఒక గుడ్డు, మొలకెత్తిన రాగుల జావ పెట్టమన్నారు. అంత పెద్ద మోతాదు జింకు డబ్బా ఆ పిల్లవానికి వేసి ఉంటే, అతనికి అవసరమైన ఇనుముకే అది అడ్డుపడేది.

డబ్బా ఆమె తిరిగి ఇచ్చివేసింది. మూత తీయలేదు గనుక ఎలాగో సగం డబ్బులు తిరిగి వచ్చాయి. "మిగతా సగం పోతే పోయిందిలెండి అయ్యగారూ, వాటితో గుడ్లు కొనలేకపోయానని బాధ" అన్నది. మూడు నెలల తరువాత పిల్లవాని పెదవులకు ఎర్రదనం వచ్చింది.

అమ్మినవాణ్ణి మేము మోసగాడని అనము. అతనికీ ఎవరో చెప్పారు, అతనూ నమ్మాడు. అయితే ఖరీదైనదాన్ని నమ్మినంత తేలికగా ఉచితంగా దొరికేదాన్ని మనం నమ్మము. నయమాను కూడా యొర్దాను నది పేరు వినగానే కోపగించుకున్నాడు గదా! పేరు పెద్దదని, వెల ఎక్కువని ఒక వస్తువు మీద ఆశ పెట్టుకోవడం, చౌకదని మరొకదాన్ని పక్కనబెట్టడం మనిషికి పాత అలవాటే. అమైనో ఆమ్లం పట్టుకున్న జింకు మంచి మందే. లోపమున్నదని డాక్టరు చెప్పి, మోతాదు రాసి ఇచ్చినప్పుడు వాడండి. అప్పటివరకు ఆ నాలుగు రోజుల కూలిని గుడ్ల మీద, పప్పు మీద పెట్టండి.

ఈ నెల మీ ఇంట ఒక చిన్న పని చేయండి. అలమరలో ఉన్న డబ్బాలన్నీ తీసి, 'ఎలిమెంటల్' అనే మాట ఎదుట ఎంత ఉన్నదో పిల్లలచేత చదివించండి. తరువాత మీ వీధి ఆశమ్మ ఇల్లు ఎక్కడో, ఆమె దగ్గర ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు ఉన్నాయో లేవో కనుక్కోండి. అవసరం వచ్చిన రాత్రి వెదుక్కోవడం కంటె ముందే తెలిసి ఉండడం మేలు.